పేరు లేని పళ్ళెం

కోడలికి సెలవున్న రోజు మధ్యాహ్నం. వంటింట్లో అత్తా కోడలూ. కోడలి చెవి దగ్గర ఫోను.

"...లేదు మేడమ్, వింటున్నాను. ఇంకొక్కసారి చెప్పండి. ఊరికే, మళ్ళీ వినాలని. అన్నీనా? ఒక్కటి కూడా లేకుండానా? సరే మేడమ్. సరే సరే. రేపు పొద్దున్నే వచ్చేస్తాను. లేదు, ఏడవడం లేదు, ఉల్లిపాయలు తరుగుతున్నాను."

"ఉల్లిపాయలు తరుగుతున్నది నేను. ఏమైందే, అలా గోడకి చేరబడ్డావు? ఎవరికైనా ఏమన్నా..."

"చచ్చాయి అత్తయ్యా."

"ఎవరు?"

"ఎవరూ కాదు. అవి. మా ల్యాబులో కణాలు. మందు పని చేసింది. మా పిల్లల ఆసుపత్రి పుట్టిన దగ్గర్నుంచి ఇలాంటి మాట ఎవరూ వినలేదట. మేడమ్ గొంతు వణుకుతోంది. మా మేడమ్ గొంతు."

"ముందు ఆ గరిటె కింద పెట్టు. నేలంతా నూనె."

"కారనివ్వండి. నేనే తుడుస్తాను. ఇవాళ ఇల్లంతా తుడుస్తాను. మిమ్మల్ని పట్టుకుని ఒక్కసారి గిరగిరా తిప్పనా?"

"నా నడుముతో నాకు ఇంకా పనుంది. కూర్చో."

"మీ అబ్బాయికి చెప్పాలి. చూడండి, ఎత్తడం లేదు. మీటింగులో ఉన్నానని మెసేజి పెడతారు, వెనకాల క్యాంటీన్లో చెంచాల చప్పుడు వినిపిస్తుంది."

"మెసేజిలో చప్పుడేం వినిపిస్తుందే?"

"నాకు వినిపిస్తుంది. పెళ్ళై ఆర్నెల్లు కాలేదు కదా, ఇంకా అన్నీ వినిపిస్తాయి. పొద్దున నా చెప్పులు వానకి తడిశాయని గ్యాసు పొయ్యి పక్కన ఆరబెట్టి వెళ్ళారు. ఒక చెప్పు కాస్త కరిగింది. అయినా ఎంత ముద్దొచ్చిందో."

"వాడు చిన్నప్పటి నుంచీ అంతే. మంచి చెయ్యబోయి ఏదో ఒకటి కాలుస్తాడు. సరే, చచ్చాయన్నావు. ఏవి చచ్చాయి?"

"మీకు మొదటి నుంచీ చెప్పనా?"

"చెప్పకపోతే నీకు అన్నం అరుగుతుందా?"

"పిల్లల ఎముకల్లో వచ్చే పాడు జబ్బు ఒకటి ఉంది. దాని కణాలు మా దగ్గర పళ్ళేల్లో పెరుగుతుంటాయి. ఇంతింత చిన్న పళ్ళేలు, మూతలతో. ఎప్పుడో, నేను బళ్ళో చేరకముందే అనుకుంటా, ఒక పాప చేతిలోంచి తీశారు. ఆ పాప లేదు. ఇవి మాత్రం ఉన్నాయి. వీటికి చావు లేదత్తయ్యా. తిండి పెడుతున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి."

"తిండి."

"గులాబీరంగు నీళ్ళు. అందులో అన్నీ ఉంటాయి. పాత నీళ్ళు తీసేసి కొత్తవి పోస్తాను. ఒంటి వేడి ఎంత ఉంటుందో అంత వెచ్చగా ఒక పెట్టెలో పెడతాం. రాజభోగమే. నాకంటే దానికే ముందు టిఫిను పెడతావని మీ అబ్బాయి అలుగుతారు."

"వాడికి తెలుసా?"

"ఏమిటి?"

"ఏం లేదు. చెప్పు, చెప్పు."

"ఇన్నాళ్ళూ ఎన్ని మందులు పోశామో. ఒకటి పోస్తే సగం చస్తాయి, నాలుగు రోజులకి మళ్ళీ పళ్ళెం నిండా. మా బఠాణీ అంత మొండిది ఇంకోటి లేదని మేడమ్ అంటుంది."

"బఠాణీ."

"మా ల్యాబులో దాని ముద్దుపేరు. మీకు చెప్పాను కదా, నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలో. భోజనం చేస్తుంటే, మా బఠాణీకి తిండి పెట్టే వేళయింది, వెళ్ళాలి అన్నాను. అప్పుడే మీ చేతిలో గ్లాసు జారి పడింది. నేనేం కాని మాట అన్నానో అనుకుని రాత్రంతా మీ అబ్బాయిని నిద్రపోనివ్వలేదు."

"గ్లాసు తడిగా ఉంది."

"ఆయనా అదే అన్నారు. అవునత్తయ్యా, ఎప్పటినుంచో అడుగుదామనుకుంటున్నా. మనింట్లో బఠాణీల కూర అసలు వండరెందుకు? నాకు ప్రాణం."

"ఆ పేరు ఎవరు పెట్టారు దానికి?"

"తెలీదు. నేను చేరేసరికే ఉంది. పిల్లల పేర్లు మాకు చెప్పరు, నంబర్లే ఇస్తారు. ఆ నంబరు చాంతాడంత. నోరు తిరక్క ఎవరో పెట్టుంటారు. గుండ్రంగా ఉంటాయని కాబోలు."

"గుండ్రంగా ఉంటాయా?"

"ఉండవు. కోలగా ఉంటాయి. అదేమిటి, నేనెప్పుడూ ఆలోచించనే లేదు."

"మంచం మీద ఈ కొస నుంచి ఆ కొసకి దొర్లేది. ఒకచోట పడుకోబెడితే పడుకునేది కాదు. సూది పట్టుకుని నర్సు వచ్చేసరికి దుప్పటి కింద ఇంకో మూలకి పోయేది. పొడుగ్గా ఒకావిడ ఉండేది, నవ్వుతూ వెతికేది. బఠాణీ ఎక్కడికి దొర్లిందీ అని. ఆవిడ పెట్టింది. ఆ తర్వాత వార్డంతా అదే పేరు."

"ఎవరత్తయ్యా?"

"ఎడమ చెయ్యి. మోచేతికి కింద."

"నేను చెయ్యి అని మాత్రమే అన్నాను. ఎడమ అనలేదు."

"అనలేదు."

"అత్తయ్యా, ముందుగది బీరువాలో ఒక ఫొటో ఉంది. జేబులున్న గౌను. ఆవిడేనా?"

"ఆవిడేమిటే. పన్ను ఊడిన పిల్ల."

"నాకు వదిన కదా మరి."

"అవును. ఉంటే వదినా అని పిలిచేదానివి. నీ మాటలకి అదీ పగలబడి నవ్వేది."

"మీ అబ్బాయి నాకు చేతికి ఏదో జబ్బు చేసిందని మాత్రమే చెప్పారు."

"వాడికి అంతే తెలుసు. చిన్నవాడు. పక్కింట్లో వదిలేసి వెళ్ళేవాళ్ళం."

"మరి మీకెలా తెలుసు, అది మా దగ్గర ఉందని?"

"పిల్ల పోయిన రెండు మూడేళ్ళకి పెద్ద డాక్టరు బజార్లో కనిపించాడు. చేతిలో కూరల సంచీ. మీ మామయ్య భుజం మీద చెయ్యేసి చెప్పాడు. మీ బఠాణీ ఎక్కడికీ పోలేదండీ, మా దగ్గరే ఉంది, రోజూ పెరుగుతోంది, మేమూ ఆ పేరే పెట్టుకున్నాం అని. పేర్లు చెప్పకూడదని మీకు రూలుంది కదా, ఆయనకి గుర్తులేదు. మంచి మనిషే. మంచి మాట చెబుతున్నాననే అనుకున్నాడు."

"మామయ్య ఏమన్నారు?"

"రోడ్డు మీదే ఏడ్చారు. సంతోషంతో. పోయేదాకా ఆయనకి అదే ఆసరా. ఎప్పుడైనా ఆ దారిన వెళితే మూడో అంతస్తు కిటికీల వంక చూసేవారు, మన పిల్ల అక్కడుంది అని."

"నాకు ఒళ్ళు జలదరిస్తోంది. చూడండి నా చెయ్యి. అంటే నేను మీ అబ్బాయిని కలవకముందే వాళ్ళక్కకి రోజూ... ఇప్పుడు అర్థమైంది. నేను ఇంటికి రాగానే గుమ్మంలోనే నా రెండు చేతులూ పట్టుకుంటారు కదా మీరు. కాసేపు వదలరు. మా అమ్మతో ఎంత గొప్పగా చెప్పుకున్నానో తెలుసా? మా అత్తయ్య నోటితో ఏమీ అనదు కానీ చేతులు పట్టుకుంటుందే అని. అందుకేనన్నమాట. గ్లౌజులు వేసుకుంటాం అత్తయ్యా, నేను నిజంగా ముట్టుకోను. అయినా పర్లేదు. పట్టుకోండి. ఇదిగో."

"వద్దు."

"పట్టుకోండి, నేనేమీ అనుకోను."

"నువ్వనుకునేది కాదే అమ్మాయ్. ఆ చేతులు వెనక్కి తీసుకో."

"ఏమైంది?"

"గ్లాసు తడిగా లేదు. అన్నం తింటూ, నవ్వుతూ, దానికి తిండి పెట్టాలి అన్నావు. అది నా కూతురు కాదు. నా కూతుర్ని తిన్నది. ముందు చెయ్యి తింది, తర్వాత ఊపిరితిత్తులు తింది. మీ మామయ్యకి ఆ తేడా తెలియలేదు, లేకపోతే తెలుసుకోవాలనుకోలేదు. నేను ఆయన్ని ఆపలేదు. ఆయన ఆ కిటికీల వంక చూస్తుంటే నేను నేల వంక చూసేదాన్ని. నా పిల్ల లేదు, అది ఉంది. రోజూ పెరుగుతోంది. దానికి ముద్దుగా నా పిల్ల పేరు."

"అత్తయ్యా, నాకు తెలీదు."

"నీకెలా తెలుస్తుంది? గుమ్మంలో నీ చేతులు పట్టుకుని అడుగుదామనుకునేదాన్ని. ఇవాళ పెట్టావా? రేపు పెట్టకు. ఒక్కరోజు మర్చిపో, దాని పాపాన అది పోతుంది. నోటిదాకా వచ్చేది. నువ్వేమో పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ నిలబడేదానివి. సరే పోనీ, రేపడుగుదాం అని వదిలేసేదాన్ని. ఆ తర్వాత నువ్వే వడ్డించేదానివి, ఆ చేత్తోనే."

"మరి నన్నెందుకు ఒప్పుకున్నారు? ఆయన నన్ను మొదటిసారి ఈ ఇంటికి తీసుకొచ్చినరోజే ఎక్కడ పని చేస్తున్నావని అడిగారు. చెప్పాను."

"ఆ రోజే వద్దందామని లోపలికి వచ్చాను. కాఫీ కలుపుతూ మాటలు కూడబలుక్కుంటున్నాను. ఇంతలో ముందుగదిలో నువ్వేదో అన్నావు. వాడు నవ్వాడు. ఈ ఇంట్లో వాడు అంత గట్టిగా నవ్వగా నేను ఎప్పుడూ వినలేదు. అక్క పోయిన ఇల్లు కదా, చిన్నప్పటి నుంచీ మెల్లిగా నవ్వడమే అలవాటైంది వాడికి. నేను కాఫీ పట్టుకుని బయటికొచ్చాను. అంతే."

"నా గురించి కాదన్నమాట."

"ఇంకేం కావాలే నీ గురించి? మూతి అలా పెట్టకు. అయిపోయిందిగా. చచ్చిందన్నావుగా ఇవాళ. రా, నూనె తుడుద్దాం. ఇవాళ నీకిష్టమైన కూర చేస్తాను, బఠాణీలు తెప్పించు. ఇన్నేళ్ళకి నేనూ ఓ ముద్ద తింటాను."

"అత్తయ్యా."

"ఒక్కటి కూడా లేదన్నావు."

"ఆ పళ్ళెంలో లేవు."

"ఆ పళ్ళెంలో అంటే?"

"మీకు అబద్ధం చెప్పలేను. కింద గదిలో పెద్ద ట్యాంకు ఉంటుంది. మూత తీస్తే పొగలు కక్కేంత చల్లదనం. అందులో చిన్న చిన్న గొట్టాల్లో దాచి ఉంచుతాం. అక్కడ అవి పెరగవు, చావవు. అలా ఉంటాయి."

"ఎన్ని?"

"చాలా. ఒక అర నిండా. వేరే ఊళ్ళ ల్యాబులకీ పంపాం."

"ఊళ్ళకి పంపారా."

"ఒకసారి చచ్చాయంటే ఎవరూ నమ్మరు. మూడుసార్లు చేసి చూపిస్తేనే పిల్లలకి ఇవ్వడం గురించి మాట్లాడనిస్తారు. రేపు పొద్దున్నే మేడమ్ రమ్మన్నది అందుకే. ఇంకో గొట్టం తీసి, వెచ్చటి నీళ్ళలో పెట్టి లేపాలి. మేం అలాగే అంటాం, లేపడం అని."

"లేపి మళ్ళీ పెడతావు."

"పెట్టను. నేను పెట్టనత్తయ్యా. మేడమ్‌తో చెబుతాను, ఈ పని ఇంకెవరికైనా ఇవ్వమని. కావాలంటే ఉద్యోగమే మానేస్తాను. ఏదైనా బళ్ళో పాఠాలు చెప్పుకుంటాను. నాకు మీరు ఎక్కువ. నిజంగా. మీరు ఆ చేతులు అలా ముడుచుకోకండి, నాకు భయమేస్తోంది."

"నీ మీద కోపం కాదే. కాసేపు నన్ను ఊరికే కూర్చోనీ."

"సరే. ఒక్క మాట మాత్రం చెప్పనివ్వండి. మందు జబ్బుని చంపితే సరిపోదు. ఫినాయిల్ పోసినా చస్తాయి కణాలు. పాపని చంపకుండా జబ్బుని చంపాలి, అదీ కష్టం. అందుకని దాని పక్కన ఎప్పుడూ ఇంకో పళ్ళెం ఉంటుంది. మంచివి. అదే పాప చర్మం. ఆపరేషను రోజునే ఇంతే ఇంత ముక్క తీశారు, జబ్బు లేని చోట. రెండు పళ్ళేల్లోనూ ఒకే మందు పోస్తాం. ఇంతకుముందు మందులన్నీ రెండింటినీ చంపేవి. ఇవాళ మేడమ్ గొంతు వణికింది అవి చచ్చినందుకు కాదు అత్తయ్యా. ఇవి బతికినందుకు."

"ఏ చోట తీశారు?"

"భుజం మీద అనుకుంటా."

"భుజం మీద చిన్న కుట్టు ఉండేది. స్నానం చేయిస్తుంటే అడిగాను, ఇదేమిటమ్మా అని. చీమ కుట్టిందంది. దాని చర్మం ఉందా అక్కడ?"

"ఉంది."

"పాడవకుండా? మామూలుగా?"

"మామూలుగా. మీదీ నాదీ ఎలా ఉంటుందో అలా. నెమ్మదిగా పెరుగుతాయి, పళ్ళెం అడుగున ఒకదాన్ని ఒకటి ఆనుకుని పడుకుంటాయి. అల్లరి చెయ్యవు. అందుకే డాక్టరు వీటి గురించి మీకు చెప్పి ఉండడు. వీటి గురించి ఎవరూ మాట్లాడరు. వీటికి ఓ పేరు కూడా లేదు."

"వీటికి పెట్టేదెవరు?"

"నేనే. రోజూ ముందు వీటికే. అది మా దగ్గర గట్టి పద్ధతి. మంచివాటికి పెట్టి, మూతపెట్టి, లోపల దాచి, అప్పుడే చెడ్డవాటి మూత తియ్యాలి. ముందు అది ముట్టుకుంటే చుక్కలో చుక్కగా ఇందులోకి దూరుతుంది. దూరితే ఇక మిగలనివ్వదు."

"ఎప్పుడూ మర్చిపోలేదుగా?"

"లేదు."

"జ్వరంగా ఉన్నరోజు? పెళ్ళి హడావిడిలో?"

"ఎప్పుడూ లేదత్తయ్యా. ఒట్టు."

"అయితే రోజూ ముందు దీనికి పెట్టే వచ్చేదానివి."

"అవును."

"నేను నీ చేతులు పట్టుకుని అడగకపోవడమే మంచిదైంది. అడిగితే దీనికీ మానేసేదానివి. ఏడవకు. నువ్వేడిస్తే ముక్కు ఎర్రబడి వాడు నన్ను అనుమానిస్తాడు. ఇవీ ఆ ట్యాంకులో చాలా ఉన్నాయా?"

"రెండే. మంచివి ముసలివవుతాయి అత్తయ్యా. కొన్నాళ్ళు పెరిగి, ఇక మా వల్ల కాదన్నట్టు ఆగిపోతాయి. చెడ్డవే ముసలివి కావు. ఇవాళ బతికినవి కూడా ముసలివే, మళ్ళీ దాచడానికి పనికిరావు. మిగిలినవి రెండు గొట్టాలు."

"ఇంకా రెండుసార్లు చెయ్యాలన్నావు."

"అవును."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఉండవు. అందుకే చెబుతున్నాను, మేడమ్‌ని బతిమాలుతాను. వేరే పాప చర్మం ఉంది మా దగ్గర. దాంతో చెయ్యొచ్చు."

"నమ్ముతారా?"

"కాస్త తక్కువ నమ్ముతారు. జబ్బూ చర్మమూ ఒకే పిల్లవైతే ఇక వంక పెట్టడానికి ఉండదు. వేరేదైతే ఇంకో ఏడాది అటూ ఇటూ తిప్పుతారు."

"ఇప్పుడు వార్డులో ఎవరన్నా ఉన్నారా, దీనితో?"

"ఉన్నారు."

"ఎంత పిల్ల?"

"పిల్లాడు. నేను ఆ వైపు వెళ్ళనత్తయ్యా. లిఫ్టు ఎక్కితే వార్డు ముందు ఆగుతుందని మెట్లెక్కి పోతాను. ఒకసారి మెట్ల దగ్గర వాళ్ళమ్మ కనిపించింది. ఒక చిన్న చొక్కా ఉతికి పిండుతోంది. ఎడమ చెయ్యి కత్తిరించేసి, అంచు కుట్టేసి ఉంది ఆ చొక్కాకి."

"నేనూ కుట్టాను, గౌనుకి."

"మీరు ఎలా చెబితే అలా. నిజంగా. మేడమ్‌కి ఇప్పుడే ఫోను చేస్తాను."

"ఆ మంచివాటిని నేను చూడొచ్చా?"

"చూడొచ్చు. లోపలికి రానివ్వరు కానీ నడవలో గాజుకిటికీ ఉంది. లోపల టీవీ లాంటిది ఉంటుంది, పళ్ళెంలో ఉన్నవి అందులో పెద్దగా కనిపిస్తాయి. నేను మీ వైపు తిప్పి పెడతాను."

"వాడిని సెలవు పెట్టమను. వాడూ చూడాలి."

"ఆయనకి ఏమని చెప్పాలి? ఆయన ఇన్నాళ్ళూ బఠాణీ అంటే..."

"ఆ పేరు దానికి తీసెయ్యండి. మీ మేడమ్‌కి నేను చెబుతాను."

"మరి దాన్ని ఏమని పిలవాలి?"

"చాంతాడంత నంబరుందన్నావుగా. నోరు తిప్పుకోండి."

"పేరు వీటికి పెడతాను. రేపు నేనే పళ్ళెం మూత మీద రాస్తాను. అత్తయ్యా, కానీ గొట్టం తియ్యొద్దని మేడమ్‌కి చెబుతాను. వదిన ఆ ట్యాంకులోనే ఉండనీ. రెండూ అలాగే ఉండనీ."

"చలిలోనా?"

"మరేం చెయ్యమంటారు?"

"రేపు నేనూ నీతో వస్తాను. ముందు నా పిల్లని వెచ్చబెట్టి లేపు. తర్వాత దాన్నీ లేపు. దానికి తిండి దగ్గర పిసినారితనం చెయ్యకు, కడుపునిండా పెట్టి బలంగా పెంచు. నీరసంగా ఉన్నదాన్ని చంపామంటే ఎవరు నమ్ముతారు?"